ఆరు గదుల పొగ

సెలవు మీద కర్నూలు పోయొచ్చిన మా సెక్షన్ జవాను మొన్న సోమవారం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. వాడలా చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే ఇంకో సెలవు చీటీ ఉందన్నమాట.

"సార్, పొగలాయన పోయినాడు" అన్నాడు.

కలం పక్కన పెట్టాను.

"జ్వరమంట సార్. మూడు దినాలే పండుకున్యాడంట. ఆయన పెండ్లాం బూబమ్మ మీకొక మాట చెప్పి పంపింది."

ఆ మాట చెప్పి వాడు తన పని మీద వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు ఒక్క కాగితం నడవలేదు. ఆమె చెప్పి పంపిన మాట ఇక్కడే రాసేద్దును గానీ, ఆయనెవరో తెలియకపోతే అది ఎవరికీ తగలదు. అందుకని ముందు ఆయన గురించి చెబుతాను.

పొగలాయన అనే పేరు మేం గుమాస్తాలం పెట్టింది. ఊళ్ళో అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. మట్టి మిద్దెలు కప్పడంలో చేయి తిరిగిన ముసల్మాను. హంద్రి ఏటి ఒడ్డున సొంత ఇల్లు, ఆ ఇంటి దొడ్లో వరసగా మూడు బాడుగ గదులు. మనిషి సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త వెనక్కి వాలి ఉండేవాడు. నలభై ఏళ్ళు కప్పులు చూసీ చూసీ ఆ మెడ అలా ఉండిపోయిందనుకుంటాను. ఎవరింటికి పోయినా ముందు దూలాలు చూసి, తర్వాత మనిషిని పలకరించేవాడు. ఒకసారి మా ఆఫీసు డేరాలోకి వచ్చి పైకి చూశాడు. అక్కడ గుడ్డ తప్ప ఏమీ లేదు. పాపం, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక అట్లే వెనక్కి పోయాడు.

మిద్దె మీద వేసే చవుడు మన్నును నాలుక మీద వేసుకుని చూసేవాడు. బండివాడు మన్ను తోలుకొస్తే చిటికెడు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, మా అత్త చారు రుచి చూసినట్టు చూసేవాడు. ఉప్పు చాలకపోతే తుపుక్కున ఉమ్మేసి, "ఇది నీళ్ళు తాగే మన్నప్పా. వానొస్తే నన్ను ముంచుతాది. తీస్కపో" అనేవాడు. బండివాడు ఎంత బతిమాలినా వినేవాడు కాదు. మన్ను విషయంలో ఆయన్ని మోసం చేసినవాడిని నేను చూడలేదు. మాట విషయంలో చేసినవాడిని రోజూ అద్దంలో చూసుకుంటున్నాను.

మద్రాసు నుంచి మన రాష్ట్రం విడిపోయి, రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్త అది. ఆఫీసులు డేరాల్లో. గాలి లేస్తే కాగితాల మీద కంకరరాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఉండటానికి మాకూ డేరాలే. బాడుగకు ఇల్లుందా అని అడిగితే జనం నవ్వేవాళ్ళు. ఉన్న గొడ్లను బయట కట్టేసి, కొట్టానికి సున్నం కొట్టి గుమాస్తాలకిచ్చేవాళ్ళు. మా వేంపల్లెలో ఇల్లంతా ఏడాదికిచ్చే బాడుగ ఇక్కడ ఒక గదికి నెలకడిగేవాళ్ళు. అదీ ఈ రోజు అడిగింది రేపటికి ఉండేది కాదు.

ఎవరో చెబితే మేస్త్రీ దగ్గరికి పోయాను. జీతమెంతని ఆయన అడగలేదు. కులమేమని అడగలేదు.

"రోలుండాదా?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"పెట్టె తెచ్చుకున్యోడు పెట్టె ఎత్తుకోని పోతాడప్పా. రోలు తెచ్చుకున్యోడు ఉంటాడు. నీ పెండ్లాం రోలు తెచ్చిందా?"

"తెచ్చింది మేస్త్రీ. బద్వేలు నుంచి, వాళ్ళమ్మ ఇచ్చింది. మోయలేక చచ్చినా" అన్నాను.

మొహం విప్పారింది. "అట్లయితే రా" అని మూడో గది తాళం తీశాడు.

ఇళ్ళు ఎందుకు నిండుతాయో ఆయనకొక శాస్త్రముండేది. గుమాస్తా ఒక్కడే వస్తే డేరా చాలు, పెండ్లాం వస్తే గది కావాలి, అత్త వస్తే రెండు గదులు కావాలి. "ఆఫీసులతో నాకేం పనప్పా? మీ అత్తలు వస్తాండారా లేదా, అది చెప్పు" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు. పని లేని రోజు స్టేషనుకు పోయి, రైల్లోంచి రోళ్ళు దిగుతున్నాయా అని చూసొచ్చేవాడు. సాయంత్రం పొయ్యిలు రాజేసే వేళకు మిద్దెక్కి, నడుము మీద చేతులు పెట్టుకుని, చుట్టూ లేచే పొగలు లెక్కపెట్టేవాడు. నిన్నటికంటే ఒక పొగ ఎక్కువైతే ఆ పూట అన్నం తినేవాడు. తక్కువైతే కంచం ముందు కూర్చుని బూబమ్మతో తిట్లు తినేవాడు. ఆయన భార్యను వీధంతా బూబమ్మ అనే పిలిచేది.

రాజధాని అనే మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. 'అది' అనేవాడు. పెద్దరోగాన్ని పేరు పెట్టి పిలవరు చూడండి, అలాగ. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే గుమ్మం దగ్గరికి వచ్చేవాడు.

"ఏమప్పా, అది ఉంటాదా?"

"ఉంటాది, పోతాది, నాకేం తెలుసు మేస్త్రీ. నేను కాపీ రాసేవాణ్ణి."

"నువ్వు రాసిన కాగితమే కదప్పా పైకి పోయేది."

రోజూ ఇదే. మూడేళ్ళు. ఒక్కోసారి విసుగొచ్చి వెనక సందులోంచి దొంగలా ఇంట్లో దూరేవాణ్ణి. గోడవతలి నుంచి బూబమ్మ గొంతు వినబడేది. "నిద్దర్లో కూడా అది, అది అని పలవరిస్తాడమ్మా ఈ మనిషి. నాకు సవితి ఉన్నట్లుండాది." నా భార్య పడీ పడీ నవ్వేది. నేను మాత్రం ఆ నవ్వులో కలవలేకపోయేవాణ్ణి. ఎందుకంటే రెండో ఏడు దాటేసరికి డేరాల్లో కూడా గుసగుసలు మొదలయ్యాయి. హైదరాబాదు, హైదరాబాదు. పేపరు పొద్దునొక రకంగా రాసేది, చేతికందిన మరో పేపరు ఇంకో రకంగా రాసేది.

అప్పటికి మేస్త్రీ దొడ్లో ఇంకో మూడు గదులకు గోడలు లేపాడు. ఊళ్ళో అందరూ కడుతున్నారు. రాళ్ళు దొరికాయి, మన్ను దొరికింది, దూలాలు దొరకలేదు. అడవి నుంచి వచ్చిన కొయ్య వచ్చినట్టే పోతోంది. మూడు గదులూ నోళ్ళు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాయి. వాటిలో చివరిది పెద్ద గది. అది మాకిస్తానన్నాడు.

ఆ పెద్ద గది మాకెంత అవసరమో చెప్పాలి. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ప్రయాణం పనికిరాదన్నారు ఆస్పత్రిలో. పుట్టింటికి పంపలేక, బద్వేలు నుంచి అత్తనే పిలిపించాను. పది అడుగుల గదిలో నిండు చూలాలు, ఆమె తల్లి, నేను, వంట, బట్టలు. ఎండాకాలం. నేను వీధి అరుగు మీద పండుకునేవాణ్ణి. పురుడు ఆ గదిలో ఎలా పోయడమని మా అత్త రోజూ సణిగేది. "పెద్ద గదంట, పెద్ద గదంట. దానికి కప్పు పడేసరికి నా మనవడు బడికి పోతాడు" అనేది.

ఆ రోజుల్లోనే ఒక కాగితం నా చేతి మీదుగా పోయింది. మా సెక్షనుకు పక్కా రికార్డు గది, అందులో కొయ్య అరలు కావాలని మేం పైకి రాశాం. అది తిరిగొచ్చింది. పక్కా అరలు ఇప్పుడవసరం లేదు, ఉన్న పెట్టెలను మరమ్మతు చేయించి సిద్ధంగా ఉంచండి అని. నాలుగు కాపీలు నా చేత్తో రాశాను. మొదటి కాపీ రాస్తుంటే ఏమీ అనిపించలేదు. మూడో కాపీకి చేయి ఆగింది. పెట్టెలు సిద్ధంగా ఉంచమంటున్నారంటే!

ఆ సాయంత్రం మేస్త్రీ గుమ్మంలో లేడు. మా గదిలోపలే కూర్చుని ఉన్నాడు. మా అత్త ఇచ్చిన మజ్జిగ చేతిలో అలాగే ఉంది.

"అప్పా, ఒక మాట అడుగుతా. ఊరికే చెప్పొద్దు" అన్నాడు. "నా ఇంటికి పైన ఉండే దూలాలు, బూబమ్మ నాయన ఇచ్చినవి. అహోబిలం అడివి నుంచి బండ్ల మీద తోలించినాడు. టేకు. వాటిని దించి ఆ మూడు గదులకేస్తే వానల్లోపల కప్పు పడతాది. మేమిద్దరం బోదగడ్డి కప్పుకోని ఒక యాడాది ఉంటాం. బాడుగలొచ్చినాక మళ్ళా దూలాలు కొని మా ఇల్లు కప్పుకుంటా. అది ఉంటే కదా ఇదంతా. చెప్పు. అది ఉంటాదా?"

నా భార్య గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆ ఉక్కకు మొహమంతా చెమట. మా అత్త నా వైపే చూస్తోంది. ఆఫీసు విషయాలు బయట చెప్పకూడదని తర్వాత నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. అదంతా అబద్ధం. చెప్పకూడదనుకుంటే నాకు తెలియదని రోజూలాగే అనొచ్చు. ఆ పూట నాకు పెద్ద గది కావాలి. అంతే.

దూలం వైపు చూస్తూ, "ఉంటాది మేస్త్రీ. యాడికి పోతాది?" అన్నాను.

ఆయన మజ్జిగ గటగటా తాగేశాడు.

మర్నాడు తెల్లారేసరికి ఆయన తన ఇంటి కప్పు మీద ఉన్నాడు. గునపంతో చవుడు పెళ్ళగిస్తుంటే దుమ్ము వీధంతా కమ్మింది. బూబమ్మ సామానంతా దొడ్లో వేసుకుని, ఆ కుప్ప మధ్య కూర్చుని పైకి చూస్తోంది. ఏడవలేదు. నేను పక్కనుంచి పోతుంటే పిలిచింది.

"ఏమప్పా గుమాస్తా, నువ్వు చెప్పినావంట కదా ఉంటాదని."

"అవునమ్మా."

"అట్లయితే ఇది కూడా నువ్వే చెప్పు. నా ఇల్లు మళ్ళా ఎప్పుడు కప్పుకుంటాం?"

"యాడాదిలో బూబమ్మా" అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే సులభంగా వచ్చింది.

"సరే. గుర్తు పెట్టుకుంటా" అంది.

ఇరవై రోజుల్లో మూడు గదులకూ కప్పు పడింది. పెద్ద గదిలో, బూబమ్మ నాయన ఇచ్చిన దూలాల కింద, తొలకరి వాన పడుతుండగా నా కొడుకు పుట్టాడు. ఒక్క చుక్క కారలేదు. మేస్త్రీ తడిసి ముద్దై వచ్చి, గుమ్మం బయటి నుంచే ముందు కప్పు చూసి, తర్వాత పిల్లవాడిని చూశాడు. అవతల వాళ్ళ బోదగడ్డి కప్పులోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి. బూబమ్మ కుండలు పెడుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది. ఆ రాత్రి నాకు కొడుకు పుట్టిన సంతోషం సగమే దక్కింది.

ఆరు గదులూ నిండాయి. నాలుగు నెలలు, అంతే. కార్తీకంలో అది హైదరాబాదు పోయింది.

ఊళ్ళో ఉన్న ఎద్దుల బండ్లన్నీ స్టేషను దారి పట్టాయి. మేస్త్రీ మా సామాను తన చేత్తో బండికెక్కించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నీ ఎక్కించాక రోలు దగ్గరికొచ్చి వంగాడు.

"వద్దులే మేస్త్రీ. అంత బరువు ఎక్కడ మోస్తాం, అక్కడే ఒకటి కొనుక్కుంటాం" అన్నాను.

మిగతా గుమాస్తాలు కూడా అదే పని చేశారు. ఆరు గదుల ముందు ఆరు రోళ్ళు మిగిలాయి. ఆయన నడుం నిటారుగా లేచి నిలబడ్డాడు. ఆ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి నాకు భయమేసింది.

"రోలు ఇడిసి పోతాండావంటే మళ్ళా వస్తావప్పా నువ్వు" అన్నాడు.

కాదు మేస్త్రీ, బరువని వదిలేస్తున్నామని చెప్పాలి కదా. బండి కదిలింది. నేను తల ఊపాను.

తర్వాత రెండేళ్ళకు వేంపల్లె పోతూ కర్నూలులో దిగాను. దిగకుండా పోదామనే అనుకున్నాను గానీ, రైలు ఆగినప్పుడు కాళ్ళు వాటంతటవే దిగాయి. సాయంత్రం. ఊరు వదులుగా ఉంది. సున్నం కొట్టిన కొట్టాల్లోకి మళ్ళీ గొడ్లు వచ్చాయి. తలుపుల మీద చాక్‌పీసుతో బాడుగకు ఇస్తామని రాసిన రాతలు వానకు సగం చెరిగిపోయి ఉన్నాయి. హంద్రి వైపు తిరగ్గానే మేస్త్రీ దొడ్డి కనబడింది. మిద్దెల మీద పొగ. ఒకటి, రెండు, మూడు. ఆరు. కప్పులకున్న ఆరు గవాక్షాల్లోంచీ పొగ లేస్తోంది!

ఆ క్షణం నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. నిండాయి. నేను చెప్పిన అబద్ధం దానంతటదే నిజమైపోయింది. దాదాపు పరిగెత్తుకుంటూ పోయాను.

దొడ్లో ఒక్క మనిషి లేడు. పిల్లల ఏడుపు లేదు. ఆరబెట్టిన గుడ్డ లేదు. ఆరు తలుపులూ తెరిచి ఉన్నాయి. నాలుగో గదిలోంచి మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు, చేతిలో ఊదుగొట్టం.

"రా అప్పా, రా! రోలు కోసరం వచ్చినావా?"

"ఎవరూ లేరేం మేస్త్రీ? మరి ఈ పొగ?"

"మనుషులు లేని ఇంటికి చెదలు పడతాయప్పా. పొగ తగలాల దూలానికి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఖాళీగా ఉండాదని తెలిస్తే ఎవురూ రారు. పొగ చూస్తే వస్తారు" అన్నాడు.

నేనొచ్చాను కదా, ఆ పొగ చూసి.

ఇంటి వైపు చూశాను. అదే బోదగడ్డి. మూడు వానలకు నల్లబడి, ఒక పక్క కుంగింది. బూబమ్మ బయటికొచ్చి నన్ను గుర్తుపట్టింది. "చూడప్పా, ఆరు గదులుండి మేం గడ్డి కింద పండుకుంటాండాం. ఒక గదిలో చేరదామంటే వినడు. మనం చేరితే వచ్చేటోళ్ళకు తక్కువైతాదంట. పోనీ నా దూలాలు నాకు దించియ్యమంటే, మీ రోళ్ళు చూపిస్తాడు. మొదటి రెండు గదుల్లో ఎవురో చేరినారు, ఇంకోచోట సగం బాడుగకే ఇస్తామంటే పోయినారు. పెద్ద గది అడిగినోళ్ళకు ఇయ్యలేదు. అది నీదంట."

పెద్ద గది ఊడ్చి ఉంది. మూలన పొయ్యి మండుతోంది. గుమ్మం పక్కన మా రోలు, కడిగి బోర్లించిన పొత్రంతో. రోలు పక్కన కూర్చున్నాను.

"మేస్త్రీ, నాకప్పుడే తెలుసు. మీరు అడిగిన రోజే తెలుసు. పోతుందని తెలిసే ఉంటుందన్నాను. ఈ గది కోసం అన్నాను" అన్నాను.

ఆయన పొయ్యి ఎగదోస్తూనే ఉన్నాడు.

"తెలుసులే అప్పా. బజార్లో అడిగినా, పోతాదన్యారు. మసీదు కాడ అడిగినా, పోతాదన్యారు. బూబమ్మను అడిగితే తిట్టింది. ఉంటాదన్యోడివి నువ్వొక్కడివే. ఆ మాట కోసరమే నీ కాడికి వచ్చినా. నువ్వు కూడా పోతాదనింటే ఇంకొకరి కాడికి పోయింటా."

తర్వాత ఆయన నా మొహంలోకి చూశాడు. కప్పు వైపు కాదు, నా మొహంలోకి. అలా చూడటం అదే మొదలు.

"సరే, ఇప్పుడు చెప్పు. అది మళ్ళా వస్తాదా?"

ఈసారి నేను కళ్ళు తిప్పుకోలేదు. "రాదు మేస్త్రీ. ఇంక రాదు. ఆమె దూలాలు ఆమెకు దించియ్యండి."

ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. చిటికెడు మన్ను నోట్లో వేసుకుని ఉమ్మేసినప్పటి మొహమే.

"కాపీ రాసేటోడివి, నీకేం తెలుస్తాదిలే" అని ఊదుగొట్టం తీసుకుని లేచాడు. "రోళ్ళు ఈడనే ఉండాయి కదా" అని అయిదో గదిలోకి పోయాడు. అక్కడ పొయ్యి ఆరిపోయినట్టుంది. ఊదుతున్న చప్పుడు వినబడింది.

నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు. హైదరాబాదులో మేమూ బాడుగింట్లోనే ఉన్నాం. ఇంటాయన నన్ను ఆఫీసు కబుర్లు అడుగుతుంటాడు. ఏమీ తెలియదని చెప్పి తప్పించుకుంటాను. నిజంగానే ఏమీ తెలియనప్పుడు కూడా అబద్ధమాడినట్టే ఉంటుంది.

ఇంతకూ మా జవాను తెచ్చిన మాట. మేస్త్రీ పోయిన తర్వాత బూబమ్మ కూలీలను పిలిపించి కొత్త గదులు మూడింటి కప్పులూ విప్పించిందట. దూలాలు దించి, ఒక్కొక్కదాన్నీ తట్టి చూసిందట. ఎక్కడా చెద లేదట. ఇప్పుడు ఆ మూడు గదులూ మొండిగోడలేనట, నా కొడుకు పుట్టిన గదీ అందులోనే.

"ఆ గుమాస్తా అప్పకు చెప్పు" అందట. "ఇల్లు కప్పుకున్యానని చెప్పు. వాళ్ళ రోలు వచ్చి తీస్కపొమ్మను."

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి మీది గిన్నె దించి పక్కన పెట్టింది. తర్వాత, "మోయలేనంత బరువేమీ కాదు. మా అమ్మ ఇస్తే బద్వేలు నుంచి మోసుకొచ్చాం కదా" అంది.

వచ్చే శనివారానికి సెలవు చీటీ రాసిచ్చాను.